రెండు దీవుల మధ్య

రాజపాళయంలో తన ఇంటి వరండాలో కూర్చుని సుగంధి చెన్నై ట్రావెల్ ఏజెంటుతో ఫోన్లో స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది. గ్రీసులో ఒక తెరచాప పడవను, కెప్టెన్‌తో, వంటమనిషితో సహా వారం రోజులకు మాట్లాడుకుంటోంది. పక్కనే భర్త హరిహరన్ కూర్చున్నాడు.

"రెండో రోజు మంచి బీచ్ ఉన్న దీవిలో ఆపిస్తాను మేడం," ఏజెంటు ఉత్సాహంగా అన్నాడు.

"బీచ్ వద్దు సార్. మ్యాపులో గుర్తు పెట్టి పంపినాను కదా, రెండు దీవులకు నడుమ. ఆడ నిలిపితే చాలు."

"అక్కడ నీళ్లు తప్ప చూడటానికి ఏమీ లేదు మేడం!"

సుగంధి ఫోన్‌ను భర్త ముందుకు జరిపింది. హరిహరన్ ఫోన్ తీసుకున్నాడు.

"సార్, మా పాప అట్లాంటి పడవలోనే పని చేస్తా ఉండినాది. పోయిన ఏడు గాలివానలో ఆడనే నీళ్లల్లో పడిపోయినాది. ఒళ్లు కూడా దొరకలేదు సార్."

ఏజెంటు ఈసారి మెల్లగా అడిగాడు.

"అక్కడ ఎంతసేపు ఆపమని చెప్పాలి సార్?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిడ్డ దగ్గరికి ఎలా వెళ్లాలా అనే ఇన్నాళ్లూ ఆలోచించారు. అక్కడి నుంచి మళ్లీ బయలుదేరాలన్న సంగతి ఇద్దరికీ ఇప్పుడే తట్టింది.

హరిహరన్ ఫోన్‌ను సుగంధి వైపు చాపాడు. ఆమె అందుకోలేదు.