వినగానే నొక్కండి

“చెవుల్లో మోతలాంటిది ఏమైనా ఉందా తాతగారూ?”

పరీక్ష చేసే అమ్మాయి గట్టిగానే అడిగింది. తాత వెనక్కి తిరిగి చూశాడు. కూతురు బయట బెంచీ మీద పాపకు గౌను మారుస్తోంది.

“లేదమ్మా” అన్నాడు.

ఉంది. మేకుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లోనే మొదలైంది. తీగను మింగి మేకులు కక్కే యంత్రాల మధ్యే అతని వయసంతా కరిగిపోయింది. సాయంత్రానికి యంత్రాలు ఆగేవి. చెవిలో మోత మాత్రం ఆగేది కాదు. కీచురాయి ఒకటి లోపల కాపురం పెట్టినట్టు ఒకటే రొద.

ఫ్యాక్టరీ వాళ్లు చెవులకు రబ్బరు బిరడాలు ఇచ్చారు. తాత వాటిని జేబులో వేసుకుని తిరిగాడు. పెట్టుకున్నవాళ్లను చూసి నవ్వాడు కూడా.

“ఏరా, పెళ్లికూతురివా? చెవులకు సొమ్ములు పెట్టుకున్నావు!”

భార్య ఉన్నన్నాళ్లూ మొత్తుకుంది. “అందరిళ్లలో గోడలకు కూడా చెవులుంటాయట. మనింట్లో గోడలకు మాత్రమే ఉన్నాయి.” ఆ మాటనూ అతను రెండోసారి చెప్పించుకునేవాడు.

ఆమె పోయాక కూతురు తన ఇంటికి తెచ్చుకుంది. అక్కడ అతనికి దొరికిన ఒకే ఒక్క పని మనవరాలు. బుడంకాయ అని పిలుచుకున్నాడు. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు పోతే ఇల్లంతా వాళ్లిద్దరిదే. పాలు కలపడం నేర్చుకున్నాడు. ముక్కు తుడవడం, గోళ్లు తీయడం, భుజాన వేసుకుని జోకొట్టడం నేర్చుకున్నాడు. కన్న బిడ్డకు ఒక్కనాడూ చెయ్యనివి.

పోయిన వారం బుడంకాయ మంచానికీ గోడకూ మధ్య జారి ఇరుక్కుంది. పక్క గదిలో తాత కిటికీకి వీపు పెట్టి కూర్చుని పొత్తిగుడ్డలు మడతపెడుతున్నాడు. పిల్ల ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. పక్కింటావిడ పరుగున వచ్చి వీధి తలుపు బాదింది. లాభం లేక కిటికీలోంచి చీపురు కర్ర దూర్చి అతని వీపున పొడిచింది.

తాత ఉలిక్కిపడి తిరిగాడు. “పిల్ల చస్తోందయ్యా!” అన్న మాట అతనికి వినబడలేదు. ఆమె పెదాల మీద కనబడింది.

ఆ సాయంత్రం కూతురు అరవలేదు. అందుకే అతనికి భయం వేసింది.

“రేపట్నుంచి క్రెష్‌లో వేస్తాం నాన్నా.”

“ఎవరో ఆయాలు నాకంటే బాగా చూస్తారా?”

“చూస్తే సరిపోదు నాన్నా. వినాలి.”

“నా మీద నమ్మకం లేదా నీకు?”

“నీ మీద ఉంది. నీ చెవుల మీదే లేదు.”

తాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పెళ్లినాడు కూడా అలా పట్టుకోలేదు.

“నాకు చెవుడు లేదే తల్లీ. ఆ రోజేదో పరధ్యానం. ఆస్పత్రికి తీసుకుపో. పరీక్ష చేయించు. వినబడుతుందని వాళ్లు చెబితే?”

కూతురు అతని చెయ్యి మీద తన రెండో చెయ్యి వేసింది.

“చెబితే బుడంకాయ నీ దగ్గరే ఉంటుంది. ఒట్టు.”

అలా వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చెవులు రెండూ శుభ్రంగా తుడుచుకుని వచ్చాడు.

పరీక్ష చేసే అమ్మాయి అతన్ని స్పాంజి గోడల చిన్న గదిలో, గోడవైపు ముఖం పెట్టించి కూర్చోబెట్టింది. తలకు హెడ్‌ఫోన్లు తగిలించి చేతిలో మీట పెట్టింది.

“పిట్టకూతలాగా సన్నగా వస్తుంది తాతగారూ. ఎంత సన్నగా వచ్చినా సరే, వినగానే నొక్కండి. వినబడకపోతే ఊరుకోండి. సరేనా?”

తలుపు మూసి వెళ్లింది.

తాత కళ్లు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. పెద్ద పరీక్షలకు కూర్చున్న పిల్లాడిలా, మీట మీద బొటనవేలు ఆనించి సిద్ధమయ్యాడు.

కుడి చెవిలో సన్నగా కూత. నొక్కాడు.

మళ్లీ వచ్చింది. నొక్కాడు.

ఇది పాత మోత కాదు. దానికి ఆగడం తెలియదు. ఇది వస్తోంది, పోతోంది, కాస్త తెరిపి ఇచ్చి మళ్లీ వస్తోంది. ఇప్పుడు ఎడమ చెవిలో, ఎవరో సూదిలోంచి దారం లాగుతున్నంత సన్నగా. నొక్కాడు. ఒకసారి అవునో కాదో అనిపించింది. బొంగురుపోయిన ఆ చిన్న గొంతు గుర్తొచ్చింది. నొక్కాడు. ఇంకా సన్నగా, చీమ నడిచినంత. దాన్నీ వదల్లేదు.

మూసిన రెప్పల కింద నీళ్లు ఊరాయి. చెవులు చచ్చిపోలేదు. ఒంట్లో ఇంకేం పోయినా ఫర్వాలేదు, ఇవి చాలు. పిల్ల ఇక ఒత్తిగిలినా వింటాడు. నిద్రలో మూలిగినా వింటాడు.

తలుపు తెరుచుకుని వెలుగు పడింది. పరీక్ష చేసే అమ్మాయి వెనకాలే కూతురు, ఆమె భుజాన బుడంకాయ.

తాత హెడ్‌ఫోన్లు ఊడబెరుక్కుని లేచాడు.

“ఒక్కటి కూడా వదల్లేదమ్మా! అన్నీ విన్నాను!” గది అదిరేలా అరిచాడు. “చూశావుటే తల్లీ? ఇంక ఇటివ్వు నా పిల్లని!”

కూతురి ముఖం విప్పారింది. “నిజంగానా నాన్నా?” అంటూ నవ్వింది, ఏడ్చింది. పాపను రెండు చేతులా ఎత్తి అతని వైపు చాచింది. బుడంకాయ అతని చొక్కా గుండీ పట్టుకుంది.

పరీక్ష చేసే అమ్మాయి ఏమీ అర్థంకానట్టు ఇద్దరినీ చూసింది. తర్వాత అతని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

“కంప్యూటర్ ఇప్పుడే ఆన్ అయింది తాతగారూ, నేనింకా ఒక్క శబ్దం కూడా పంపలేదు.”