మిగిలిన ఒక్క కనెక్షన్

పన్నెండూ నలభైకి తెరమీద ఒక్క కనెక్షనే మిగిలింది.

"ఇదొక్కటే సార్," అంది కొత్తమ్మాయి. "ఇది కూడా అయిపోతే పాత ప్రోగ్రాం ఆపేయొచ్చు."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఊళ్ళో సగం ఇళ్ళ ఇంటర్నెట్ ఆ గదిలోని యంత్రం గుండానే వెళ్తుంది. ఏ కనెక్షన్ ఎవరిదో, ఎక్కడిదాకా వచ్చిందో దాని ప్రోగ్రాం గుర్తుపెట్టుకుంటుంది. తనకు తెలియనిదాన్ని మొహమాటం లేకుండా బయటే ఆపేస్తుంది.

రద్దీ పెరిగిందని ఆ మధ్య ఒకేసారి నాలుగు పనులు చేసే నాలుగు కోర్ల యంత్రం తీసేసి పదహారు కోర్లది పెట్టారు. వేగం పెరగకపోగా తగ్గింది. కంపెనీ అంతా తల పట్టుకున్నాక కారణం కనిపెట్టింది పెద్దసారే. గేటు దగ్గర కాపలావాళ్ళు పదహారు మంది, రాసుకునే రిజిస్టరు మాత్రం ఒక్కటే. ఒకడు రాస్తుంటే పదిహేను మంది గుడ్లప్పగించి చూడాలి. ఎవరి రిజిస్టరు వాళ్ళకిచ్చే కొత్త ప్రోగ్రాం ఆయనే రాశాడు. అంత బుర్ర ఉన్న మనిషి.

చిక్కల్లా ఒకటే. పాత రిజిస్టరు కొత్త ప్రోగ్రాంకి అర్థం కాదు. మార్చే క్షణంలో నడుస్తున్న కనెక్షన్లన్నీ పుటుక్కున తెగిపోతాయి. అందుకని పదింపావు నుంచి కొత్తగా వచ్చేవాటిని పక్క యంత్రానికి మళ్ళించి, పాతవి వాటంతటవే ముగిసేదాకా కాచుకున్నారు.

"ఇలాంటివి తెల్లవారుజామున చేస్తాం కదా సార్, ఇవాళ పట్టపగలు పెట్టారేంటి?" అని కొత్తమ్మాయి పొద్దున్నే అడిగింది.

"రద్దీలో పెడితేనే దాని సత్తా తెలుస్తుంది తల్లీ," అన్నాడాయన.

ఇప్పుడామె తెర వైపు వంగింది. "సార్, ఇది ఉద్యోగ పరీక్షల సైటు. పదింటికి మొదలైంది. ఎవరో ఇంట్లో కూర్చుని పరీక్ష రాస్తున్నారు."

"అయితే?"

"మధ్యలో తెగితే మళ్ళీ రానివ్వరు. కాపీ కొట్టారనుకుంటారు. నేనూ రాశాను కదా, ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఒంటిగంటకి అయిపోతుంది సార్, ఇరవై నిమిషాలు ఆగుదాం."

"పక్క యంత్రం అంతసేపు మోయలేదు."

"పాపం, ఎన్నాళ్ళనుంచి చదువుతున్నారో."

"మనకి పేర్లుండవమ్మా, నంబర్లే." ఆయన గొంతులో కోపం లేదు, విసుగూ లేదు. "ఒక్కరికోసం ఊరంతా ఆగుతుందా? నువ్వే నొక్కు. చెయ్యి అలవాటు కావాలి."

ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాల్సింది ఆయనే. ఒకసారి ఆయన మొహంలోకి చూసింది, కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కింది.

తెరమీద ఒకటి సున్నా అయింది. కొత్త ప్రోగ్రాం లేచింది. పదహారు కోర్లూ ఒకేసారి పనిలో పడ్డాయి. తెరమీద వేగాన్ని చూపే గీత నిటారుగా పైకి పాకింది. కొత్తమ్మాయి మాత్రం దాన్ని చూడలేక మొహం పక్కకి తిప్పుకుంది.

"శభాష్," అని ఆమె భుజం తట్టి, పెద్దసారు వరండాలోకి నడిచాడు.

ఇంటికి ఫోన్ కలిపి, భార్య ఏడుపు గొంతుతో ఇంకా ఏమీ చెప్పకముందే, "పరీక్ష మధ్యలో ఆగిపోయిందా? పోనీలే బంగారం, ఇక ఉద్యోగమంటూ నన్నొదిలి ఏ ఊరూ వెళ్ళక్కర్లేదు," అని ఓదార్చాడు.