సేనానికి వన్స్‌మోర్

“ఆపండి, ఆపండి. సరిగ్గా ఇక్కడే తగలేశారు సినిమాని,” అన్నాడు శ్రీరామమూర్తి.

సుధాకరరావు రిమోట్ నొక్కాడు. తెర మీద ముసలి సేనాని నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

దోహాలో శుక్రవారం మధ్యాహ్నం. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని సుధాకరరావు ఫ్లాట్‌కి కంపెనీ వేరే సైటు నుంచి కొత్తగా బదిలీ అయిన శ్రీరామమూర్తి భోజనానికి వచ్చాడు. ఊరికే రాలేదు, క్యాసెట్ పట్టుకొచ్చాడు. కోటను కాపాడుతూ ప్రాణాలు వదిలే సేనాని కథ అది. ఒకప్పుడు ఊరూరా ఆడిన పద్యనాటకాన్ని సినిమాగా తీశారు. తీశారు గానీ, నాటకాల పిచ్చి ఉన్న ఈ పెద్దమనిషికి అందులో ఒక్కటీ నచ్చి చావడం లేదు.

“ఆపకండి. చూడనివ్వండి అన్నయ్యగారూ,” అంది సుధాకరరావు భార్య సీతాలక్ష్మి.

“చూద్దాంలే చెల్లెమ్మా, ఎక్కడికి పోతుంది? నాటకంలో ఈ సేనాని రాగం ఎత్తుకుంటే మేం టీ తాగి వచ్చినా ఇంకా లాగుతూనే ఉండేవాడు. ఇక్కడ రెండు ముక్కలు పాడాడో లేదో గుర్రాలు. ఎవడు అడిగాడయ్యా గుర్రాల్ని?”

“సినిమా అన్నాక ఉండాలిగా,” అని నవ్వాడు సుధాకరరావు.

“పాడేవాడి ముఖం చూపించకుండానా?”

“అవును. ముఖం సరిగ్గా చూపించనే లేదు,” అంది సీతాలక్ష్మి. కొంగుతో టీవీ అద్దం తుడిచి, అక్కడే నేల మీద కూర్చుంది.

శ్రీరామమూర్తికి హుషారొచ్చింది. “ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. స్టేజీ మీద ఆ వేషం కట్టినాయన్నే పెట్టుకున్నారు. మా కాకినాడలో చూశాను. ఈటె దిగాక పద్యం పాడి చచ్చిపోయేవాడు. మేం వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళం. చచ్చినాయన లేచి, మీసం సర్దుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు.” ఆయన గొంతు దిగిపోయింది. “ఈ ఇసకలో కూర్చుంటే అవే గుర్తొస్తాయండీ. వచ్చే నెల సెలవు దొరికింది. వెళ్ళగానే ఆయన్ని మా ఊరు పిలిపించి నాటకం పెట్టిస్తాను. ఆ పద్యం ఇంకొక్కసారి వినాలి. నేను వెళ్తోందే అందుకనుకోండి.”

సుధాకరరావు ఏదో చెప్పబోయి, భార్య వంక చూశాడు. “యల్లా, కానిద్దాం,” అంటూ రిమోట్ నొక్కాడు.

ఈటె దిగింది. సేనాని సగం పద్యంలోనే కూలిపోయాడు. మళ్ళీ గుర్రాలు.

“చూశారా? అదీ లోపం. సినిమాలో చచ్చినవాడు చచ్చినట్టే పడుంటాడు. వన్స్‌మోర్ అంటే లేస్తాడా?”

“అని చూడండి అన్నయ్యగారూ,” అంది సీతాలక్ష్మి.

శ్రీరామమూర్తి నవ్వి, నోటి దగ్గర చేతులు దొన్నెలా పట్టి, “వన్స్‌మోర్” అని కేక పెట్టాడు.

ఆమె వీసీఆర్ మీద రివైండ్ నొక్కింది. తెర మీద గీతలు పడ్డాయి. గుర్రాలు వెనక్కి పరుగెత్తాయి. ఈటె ఊడొచ్చింది. నేల మీది సేనాని చివ్వున లేచి నిలబడ్డాడు.

“భలే, లేచాడే. వచ్చే నెల స్టేజీ మీద కూడా ఇలాగే లేపుతాను చూడు.”

సీతాలక్ష్మి వేలు బటన్ మీద నుంచి తీయలేదు. తెర వంకే చూస్తూ అంది.

“అక్కడ లేవడు అన్నయ్యగారూ. పోయిన నెల ఊళ్ళో అందరూ ఎంత పిలిచినా మా నాన్న లేవలేదట.”