పదో వాక్యం

“మెడ పట్టేసి తల తిప్పలేకపోతున్నావు. ఇంకా ఎందుకమ్మా ఆ ఉద్యోగం?” అన్నాడు కొడుకు, అప్పటికి మూడోసారి.

“తిప్పకపోతే వచ్చిన నష్టమేముంది? ఈ ఇంట్లో చూడాల్సినవన్నీ నా ఎదురుగానే ఉన్నాయిగా,” అంది ఆమె.

ఎవరూ నవ్వలేదు. అసలు విన్నట్టే లేరు.

“డాక్టరే వద్దన్నాక ఇంక మాటేముంది అత్తయ్యా? పాపని బడి నుంచి తీసుకురావడానికీ మనిషి కావాలి,” అంది కోడలు, తన కంచంలో కూర వేసుకుంటూ.

“నెల రోజులు ఆలోచించుకోనివ్వండి నన్ను.”

“ఆలోచించడానికేముంది? రాజీనామా ఉత్తరం వీడు రాసేశాడు. నువ్వు సంతకం గీకితే చాలు,” అన్నాడు భర్త, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. “రోజూ మొహానికి డొప్ప కట్టుకుని కూర్చోవడమూ ఒక పనేనా?”

“రేపు ఇచ్చేస్తుందిలే నాన్నా,” అన్నాడు కొడుకు, ఆమె పక్క ఊళ్ళో ఉన్నట్టు.

ఆమె నోరు తెరిచేసరికి ముగ్గురూ పాప బడి వేళల్లోకి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఆమె మాట నీళ్ళ మీద రాత. కంచం కడిగి వచ్చి, సంతకం పెట్టింది.

ఆమె పనిచేసే చోట సైనికులకి ముఖకవచాలు చేస్తారు. తూటా వచ్చి తగిలినా, బాంబు పేలి ఇనప ముక్కలు ఎగిరొచ్చినా మొహం దక్కేలా చూసే కవచాలు. పనివాళ్ళు వాటిని ‘మొహాలు’ అంటారు. “ఇవాళ ఎన్ని మొహాలు మార్చావమ్మా?” అని గేటు దగ్గర కాపలావాడు రోజూ అడుగుతాడు. ఆమె జవాబు చెప్పేలోపే పక్కావిడ సంచీ వెతుకుతుంటాడు.

కొన్ని మొహాల్ని వెనక షెడ్డులో తుపాకీతో కాల్చి చూస్తారు. కొన్ని ఆమె దగ్గరికి వస్తాయి. తూటాని ఆపితే చాలదు, లోపలి మనిషి మాట బయటికి వినపడాలి. ‘ఆగు’ అన్నది పక్కవాడికి చేరకపోతే వాడి ప్రాణం పోతుంది. అందుకని ఆమె ఒక్కో కవచం తొడుక్కుని పది వాక్యాలు చెప్పాలి. తెర అవతల ఇంకొకావిడ కూర్చుని, విన్నది విన్నట్టు రాయాలి. తొమ్మిది వాక్యాలు అచ్చేసి ఇచ్చినవే. అవి కంఠతా వచ్చేసి ఉంటాయి కాబట్టి వినకపోయినా రాసేయొచ్చు. పదోది మాత్రం ఆమె సొంతంగా అనుకుని, తన చీటీ మీద రాసుకుని చెప్పాలి. ఇద్దరి చీటీలూ కలిస్తే కవచం పాసు.

ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. స్నేహం కుదిరితే ఏం చెప్పబోతోందో ఊహించి రాసేస్తారని యాజమాన్యం భయం. క్యాంటీనుకి కూడా వేరువేరు వేళలు. పదకొండేళ్ళలో అవతలావిడ గొంతు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు.

రోజుకి ఎనిమిది మొహాలు, ఎనిమిది సొంత వాక్యాలు. మొదట్లో ‘కుర్చీ కింద పిల్లి ఉంది’ లాంటివి చెప్పేది. పోనుపోను ‘కొత్త చెప్పులు కరుస్తున్నాయి’ అంది. ఒకరోజు ‘నిన్న నా పుట్టినరోజు’ అంది. ఇంకోరోజు ‘మా ఆయన నాతో మాట్లాడి మూడు రోజులైంది’ అంది. సాయంత్రం సూపర్‌వైజరు చీటీలు సరిచూసేవాడు. వాక్యాల్లో ఏముందన్నది అతనికి పట్టదు, అక్షరాలు కలవాలి. కలిసేవి. వెనక షెడ్డులో తుపాకులు మోగుతున్న రోజున కూడా ఆమె అన్నది అన్నట్టు అవతలి చీటీలో ఉండేది. ఆ చీటీ చూసుకున్నాకే ఆమె ఇంటికి బయల్దేరేది.

సంతకం పెట్టిన మర్నాడు ఉదయమే ఉత్తరం సూపర్‌వైజరు బల్లమీద పెట్టింది. “సాయంత్రం పైకి పంపిస్తాను,” అన్నాడతను, చదివి.

ఏడు మొహాలకి ఏడు మాటలు ఎలాగో చెప్పింది. ఎనిమిదోది తొడుక్కుని, మెడ వెనక పట్టీ బిగించుకుంది. అచ్చేసిన తొమ్మిదీ చదివింది. పదోది చెప్పింది.

“రేపటి నుంచి నేను రాను.”

తెర అవతల చీటీ డబ్బాలో పడే చప్పుడు ఎప్పటికన్నా ఆలస్యంగా వచ్చింది.

సాయంత్రం సూపర్‌వైజరు పిలిచాడు.

“చివరి కవచం ఫెయిలు. పదో వాక్యం మీరన్నది ఒకటి, ఆవిడ రాసింది ఒకటి. ఒక్క ముక్క కలవలేదు. పదకొండేళ్ళలో ఆవిడ ఇలా రాయడం ఇదే మొదలు. కవచంలోనే లోపం ఉండుంటుంది.”

“ఏం రాసింది?”

చీటీ ఇటు తిప్పాడు. ఆమె చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

“రేపు వేరే మనిషిని కూర్చోబెట్టి మళ్ళీ చూస్తాంలెండి,” అన్నాడతను.

“వేరే మనిషి వద్దు. నా ఉత్తరం ఇలా ఇవ్వండి,” అంది ఆమె.

ఇంటికొచ్చేసరికి ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు.

“ఇచ్చేశావా?” అన్నాడు కొడుకు.

“ఇచ్చాను. వెనక్కి తెచ్చుకున్నాను. రేపు వెళ్తున్నాను, ఎల్లుండీ వెళ్తాను. పాపని తెచ్చుకోవడానికి మనిషిని చూసుకోండి.”

గొంతు ఏమాత్రం పెంచలేదు. అయినా కోడలు గరిటె కింద పెట్టింది. భర్త టీవీ ఆపాడు.

“నీ మెడ నీకు బరువైందా? నువ్వు వెళ్ళకపోతే అక్కడ ఎవరికి లోటు?” అన్నాడు.

“నేను రేపటి నుంచి రానని చెప్తే,” అంది ఆమె కంచం ముందుకి లాక్కుంటూ, “తెర అవతలావిడ నా మాట బదులు ‘నాతో మాట్లాడేది మీరొక్కరే’ అని రాసింది.”