గుమ్మం దాటిన గుమ్మడికాయ

“తాతా, గుమ్మడికాయ!” అని కేకేసింది ఊరిపెద్ద మోత్ర్య.

ఒమెల్కో తాతకి “గుమ్మం కాయ్!” అని వినిపించింది.

పార పుచ్చుకుని పంచాయతీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“కాయ తెమ్మంటే కాపలా కాస్తావేంటి తాతా!”

“కాస్తానమ్మా, కాస్తాను. చీమని కూడా రానివ్వను.”

మోత్ర్య తల పట్టుకుని, గుమ్మడికాయ కోసం తనే దొడ్లోకి పోయింది.

మికొలాయివ్ ప్రాంతంలో మా ఊరు సుఖీయార్. పేరులో సుఖం ఉందని మోసపోకండి. ఇక్కడి మాటలో సుఖీ అంటే ఎండు.

అయినా గోధుమ పండుతుంది. పొద్దుతిరుగుడు పండుతుంది. గింజ రేవుకి పోతుంది, పన్ను ఊళ్ళో మిగులుతుంది.

ఆ పన్ను మీద పక్కనున్న లిపోవె పట్నం కన్ను పడింది.

చిన్న ఊళ్ళని పెద్ద ఊళ్ళలో కలిపేస్తున్న రోజులవి. కలిస్తే ముందు బడికి తాళం, ఆ తరవాత పంచాయతీకి తాళం. ఊరికి మిగిలేది గోళం, అంటే గుండుసున్నా.

విడిగా నిలవాలంటే బడి ఉండాలన్నారు, ఉంది. రోడ్డుండాలన్నారు, వానలు లేనప్పుడు అదీ ఉంది. ఆసుపత్రికి డాక్టరు కావాలని మోత్ర్య రెండేళ్ళుగా అడుగుతోంది. పైవాళ్ళు “చూస్తాం, చూస్తాం” అంటున్నారు. చూడాల్సింది డాక్టరు కదా, మధ్యలో వీళ్ళు చూసేదేమిటో!

పట్నం నుంచి కలుపుకునే మాట మాట్లాడ్డానికి మనిషి వస్తున్నాడని ఆ ఉదయమే కబురొచ్చింది.

“పట్నం మనల్ని పెళ్ళాడ్డానికొస్తోంది. గుమ్మడికాయ ఇచ్చి పంపిద్దాం!” అంది మోత్ర్య.

ఊరంతా చప్పట్లు కొట్టింది. పిల్లనడగడానికొచ్చిన సంబంధం నచ్చకపోతే మా వైపు నోటితో కాదనరు. చేతిలో గుమ్మడికాయ పెడతారు. పుచ్చుకున్నవాడు ఎందుకని అడగడు. వచ్చిన దారినే పోతాడు.

బస్సొచ్చింది. ఒకే ఒక్క మనిషి దిగాడు. ఒక చేతిలో పెద్ద పెట్టె, ఇంకో చేతిలో సంచీ.

తాత పార అడ్డం పెట్టాడు. “ఆగు!”

“తాతా, మోత్ర్యగారున్నారా? నన్ను ప్రాంతీయ ఆఫీసు నుంచి...”

“కాఫీయా? ఇక్కడ దొరకదు!”

ఆ మనిషి నవ్వి, తాత తల పక్కకి వంగి చూశాడు. “ఈ చెవి ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?”

“చవా? ఈవేళ బోర్ష్ పులుసులో ఉప్పు తక్కువైంది.”

ఇంతలో మోత్ర్య గుమ్మడికాయతో వచ్చింది. వెనకాలే ఊరు.

“అమ్మా, నేను...”

“తెలుసు బాబూ. ఎందుకొచ్చావో నువ్వు చెప్పక్కర్లేదు. ఊరంతా ఒకే మాట మీదుంది. ఇదిగో మా జవాబు.”

పెట్టె, సంచీ కింద పెట్టించి, కాయని రెండు చేతుల్లోనూ పెట్టేసింది.

ఆ మనిషి మొహం పాలిపోయింది. గుమ్మడికాయని చూశాడు. జనాన్ని చూశాడు.

“అందరి మాటా ఇదేనా?”

“అందరిదీ!”

“గట్టిగా పట్టుకో, జారితే లిపోవె దాకా దొర్లుతుంది!” ఎవరో అరిచారు.

“లిపోవె, పోవె!” పిల్లలు పాట కట్టారు.

అతను తల వంచి, పెట్టె, సంచీ ఒక చేత్తోనే అందుకుని వెనక్కి తిరిగాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూశాం. ఏ దొంగతనమూ చెయ్యకుండా గుమ్మడికాయ భుజానికెత్తుకుని పోతున్నవాణ్ణి ఊరు అప్పుడే చూసింది.

కాపలా కాపలాయేనని తాత పారతో సహా బస్సు దాకా వెంట వెళ్ళాడు.

పంచాయతీలో పండగ మొదలైంది. చెర్రీ బూరెలొచ్చాయి. “ఇంక మనల్ని ఎవడు కదుపుతాడు!” అన్నారు.

తిరుగు బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. దాని వెనకే ఒక కారు వచ్చి ఆగింది. టై కట్టుకున్న మనిషి దిగాడు.

“నేను జెనోవీ. లిపోవె నుంచి వచ్చాను. మనం కలవడం గురించి నాలుగు మాటలు...”

బూరెలు నోళ్ళలోనే ఆగిపోయాయి.

“పట్నం మనిషివి నువ్వా?” అంది మోత్ర్య. “మరి ఇందాకటాయన?”

“నేనొక్కణ్ణేనండీ. ఇంకెవరూ రాలేదు.”

“విత్తనాలవాడేమో.”

“దారి తప్పాడేమో.”

తాత తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పార లేదు. చెవిలో దూది ఉంది.

“ఈ ముసలాయన్ని కాపలా పెట్టడం మన ఖర్మ,” అని మోత్ర్య నోట్లో నోట్లో అనుకుంది.

“ముసలాణ్ణే గానీ చెవిటివాణ్ణి కాదమ్మా,” అన్నాడు తాత.

మోత్ర్య అతని చెవి వంక చూసింది.

“ఆ దూది ఎవరు పెట్టారు తాతా?”

“ఆయనే.”

మోత్ర్య నడుముకున్న గుడ్డ విప్పి బల్ల మీద పడేసింది.

“రొట్టె తెండి! ఉప్పు తెండి! కుట్టుపని తువ్వాలు తెండి! ట్రాక్టరు తియ్యండి, వంతెన దగ్గర బస్సు ఆగుతుంది. ఆగకపోతే లిపోవె నడిబజార్లో పట్టుకుంటా. గుమ్మడికాయ ఇచ్చిన చేత్తోనే రొట్టె, ఉప్పు పెట్టి స్వాగతం చెబుతా!”

జెనోవీ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. “మరి మన కలయిక సంగతి...”

“దొడ్లో ఇంకో కాయుంది. కోసుకుని పో!”

వెనకనున్నవాళ్ళకి అర్థం కాలేదు. “ఎక్కడికి? ఎవరి కోసం?”

తాత చెవిలో దూది తీసి, ఊరందరికీ వినబడేలా చెప్పాడు.

“బస్సు కదలబోతుండగా తన ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్ళతో చెవి కడిగి గుబిలి తీశాడు. నాకు మొదట వినబడింది ఆయన మాటే... ‘ఈ ఊళ్ళోనే ఉండిపోదామని వచ్చాను తాతా, మీరు రెండేళ్ళుగా అడుగుతున్న డాక్టర్ని నేనే.’”