చీటీ అంటిన ప్రోటీన్

పాడైన ప్రోటీన్‌కి కణం ఓ చీటీ అంటిస్తుందనీ, చీటీ అంటినదాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలతో కొత్తది కట్టుకుంటుందనీ మా ప్రొఫెసరుగారు పొద్దున పాఠం చెప్పారు. పాఠం అయ్యాక నా బల్లకీ ఓ చీటీ అంటించారు: "సాయంత్రంలోగా ల్యాబ్ ఖాళీ చెయ్యి."

నా నేరం, మూడేళ్లుగా ఒక్క ట్యూబుకీ చీటీ అంటించకపోవడం.

బ్యాగు సర్దుకుంటుంటే ఫ్రిజ్ దగ్గర ఆయన కేక వినబడింది.

"ఏమ్మా, నా ట్యూబులేవి?"

"పారేశాను సార్," అంది ల్యాబ్ ఊడ్చే అక్క. "పనికిరానివి తీసెయ్యమన్నారుగా. చీటీ ఉంటే పారేసేదేనని పొద్దున మీరే చెప్పారు. తలుపు దగ్గర తుడుస్తూ అంతా విన్నాను."

ఇరవయ్యేళ్లలో ఆయన పాఠం చివరిదాకా విన్న మొదటి మనిషి ఆవిడే.

ఫ్రిజ్‌లో మిగిలినవి నా ట్యూబులే.

"వీటిల్లో ఏది ఏదో తెలుసా?" అన్నారు ప్రొఫెసరుగారు.

"తెలుసు సార్," అన్నాను. తెలీదు.

ఆయన నా బల్ల మీది చీటీ పీకి జేబులో పెట్టుకున్నారు. "కణంలో ఇలా చీటీలు పీకేసే ప్రోటీన్లు కూడా ఉంటాయి. అది రేపటి పాఠం," అన్నారు గంభీరంగా.

అక్క చీపురు ఆపింది. "అయితే రేపు పెందలాడే వస్తాను సార్."

"రేపు సెలవు," అన్నారాయన.