పద్నాలుగో నంబరు కిటికీ

అరవయ్యో ఏట అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఈ కాస్తా రాయడానికి నాకు పది రోజులు పట్టింది. మీకు పది నిమిషాలు కూడా పట్టదు.

"మూడు ఉత్తరాలు పంపాం పెద్దమ్మా. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ ఐదింటికి మీ పేరు కొట్టేస్తున్నాం" అన్నాడు తక్కువ అద్దె ఇళ్ల ఆఫీసులో గుమాస్తా.

కాజాలక్క సంచి చంకలోకి జరుపుకుని బల్ల మీదికి వంగింది. టైలరు షాపుల వాళ్లకు చొక్కాల కాజాలు కుట్టి, గుండీలు వేసి బతుకుతుంది కనుక అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఉండేది ఎవరింట్లోనో మెట్ల కింద గదిలో. పట్టపగలు కూడా బల్బు వెయ్యందే అక్కడ సూదిలోకి దారం ఎక్కదు. ఒకటో తారీఖుకల్లా అదీ ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన, స్కూటరు పెట్టుకోవాలట. ఇక్కడ ఇల్లు వస్తుందని ఆమె రెండేళ్లుగా పోస్టుమాను దారి చూస్తూనే ఉంది.

"నాకు ఒక్కటీ అందలేదు బాబూ."

"మీరు రాసిన అడ్రసుకే పంపాం. మూడో బ్లాకు, రెండో అంతస్తు, పద్నాలుగో నంబరు. ఈ రాత మీది కాదూ?"

రాత ఆమెదే. పెద్దవాళ్ల సాయంత్రం బడిలో పంతులమ్మ ఎవరి అడ్రసు వాళ్లను రోజూ రాసుకు రమ్మనేది. మెట్ల కింద గదికి నంబరేముంటుంది? అందుకని కాజాలక్క తనకు కావలసిన ఇంటి అడ్రసు రాసింది. కుట్టిన చొక్కాలు అప్పజెప్పడానికి వెళ్తూ రోజూ తలెత్తి చూసే ఇల్లు అది. తెర లేని పెద్ద కిటికీ, పొద్దుగూకేదాకా దాని మీద వెలుగే. అక్కడ కూర్చుంటే రోజుకు ఇంకో నాలుగు చొక్కాలు అవుతాయని లెక్క వేసుకునేది. ఆ అడ్రసు పలక మీదా పుస్తకంలోనూ ఎన్నిసార్లు రాసిందో. దరఖాస్తు చేతికి వచ్చిన రోజు, చెయ్యి తనకు తెలిసిందే రాసేసింది.

అదే చెప్పబోయింది. వెనక లైనులో వాళ్లు తోసుకొచ్చారు.

"మీ గుమ్మంలోనే పడి ఉంటాయి, వెళ్లి వెతుక్కోండి. ఐదులోపు మూడో ఉత్తరం తెస్తే సరే. లేకపోతే మీ వెనక వాళ్లకి" అని గుమాస్తా తర్వాతి కాగితం అందుకున్నాడు.

మూడో బ్లాకు వాచ్‌మన్ అంతా విని నవ్వాడు. ఆ ఇల్లు రెండేళ్లుగా ఖాళీయేనట. ఖాళీ అని తాను మొత్తుకుంటున్నా, మనిషి ఉన్నట్టు కాగితంలో ఉందని ఆఫీసువాళ్లు ఎవరికీ ఇవ్వడం లేదట. తాళంచెవి తన దగ్గరే ఉంది. కానీ ఆ అడ్రసుతో, ఆమె పేరుతో ఏదైనా కాగితం చూపిస్తేగాని ఇవ్వకూడదు.

"ఆ కాగితం తలుపు వెనకే ఉందన్నా."

"తలుపు తీసి తెచ్చుకో."

"మరి తాళంచెవి ఇవ్వు."

"మరి కాగితం చూపించు."

కాజాలక్క మెట్లెక్కింది. పద్నాలుగో నంబరు ముందు బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, తలుపు కింద సందులోంచి చూసింది. దుమ్ములో మూడు కవర్లు. సంచిలోంచి కొలతల స్కేలు తీసింది. దారానికి పట్టించే మైనం ముద్దను నలిపి దాని కొసకు అంటించింది. సందులోంచి తోసి, కవరు మీద గట్టిగా అదిమి లాగింది. మొదటిది ఊడి పడిపోయింది. రెండోసారి అంటుకుని వచ్చింది. ఒక్కొక్కటే మూడూ వచ్చాయి.

మూడో ఉత్తరాన్ని కూడబలుక్కుని చదివింది. ఒకటో బ్లాకులో తొమ్మిదో నంబరు ఆమెకు ఇచ్చారు. ఒక్క మనిషికి రెండిళ్లు కుదరవు కనుక ఇప్పుడుంటున్న పద్నాలుగును ఖాళీ చేసి, ఆ తాళంచెవి అప్పజెప్పి, కొత్తది తీసుకోవాలి.

కిందికి దిగి, తొమ్మిది ఎలా ఉంటుందని అడిగింది. కింది అంతస్తు, ఎదురుగా గోడ, లైటు వేసుకుంటే ఇబ్బందేం లేదన్నాడు వాచ్‌మన్. కవరు మీద పేరు చూశాడు, అడ్రసు చూశాడు, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇన్నాళ్లుగా ఉంటున్నావుగా, ఒక్కసారీ కనబడలేదేం అక్కా?" అని నవ్వాడు.

ఆమె మళ్లీ మెట్లెక్కి, తాళం తీసి లోపలికి వెళ్లింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. నేల మీద కిటికీ పడినంత మేరా వెలుగు. ఆ వెలుగులో చతికిలబడి, సంచిలోంచి చొక్కా తీసి ఒక్క కాజా కుట్టింది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. కుట్టిన కాజాను బొటనవేలితో నిమురుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత తాళం వేసి పరుగులాంటి నడకతో ఆఫీసుకు వెళ్లింది. ఐదుకు ఇంకా పావుగంట ఉంది.

గుమాస్తా ఉత్తరం చూసి తలాడించాడు. "పద్నాలుగు తాళంచెవి ఇక్కడ పెట్టండి. తొమ్మిదిది ఇస్తాను."

కాజాలక్క పిడికిలి బల్ల మీద పెట్టింది. విప్పలేదు.

"మారకపోతే ఏమవుతుంది బాబూ?"

"ఏమవుతుంది, ఉన్నచోటే ఉంటారు. తొమ్మిది ఇంకొకరికి పోతుంది. ఆ మాత్రానికి పొద్దున్నుంచీ ఇంత హడావిడా?" అని విసుక్కుని ఒక కాగితం ముందుకు తోశాడు. "పేరు, వయసు, ఇప్పుడు ఉంటున్న ఇల్లు. నన్ను రాయమంటారా?"

"వద్దు బాబూ. అదొక్కటీ నాకు బాగా వచ్చు."

కాజాలక్క,
అరవై మూడేళ్లు,
మూడో బ్లాకు, రెండో అంతస్తు, పద్నాలుగో నంబరు.